నీలమ్మ ఎత్తుకున్న పొత్రం

"అందరు బంగారం మెడల ఏసుకుంటరు చెల్లె, నేను తుంటికి ఏసుకున్న. మెడలదైతే దొంగలు గుంజుకపోతరు. నాది నెత్తుర్ల కలిసిపాయె. ఇగ ఎవడు గుంజుతడో గుంజమను, చూద్దాం!"

నీలమ్మక్క నవ్వుతూ దారం కొసను వేళ్ల మధ్య మెలిపెట్టింది. ఒళ్లో తెల్లగుడ్డ, గుడ్డ మీద పళ్లెం, పళ్లెంలో ముత్యాలు. పత్తర్‌గట్టి దుకాణం వాళ్లు ఇచ్చిన పని. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి వేస్తుంది, దండ తెగినా అన్నీ జారిపోకుండా. ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్లు కొంచెం పక్కకు ఒరిగి ఉంటాయి. ముడుల పనికి వాటిని రానివ్వదు. మిగతా వేళ్లు పని చేస్తుంటే ఆ రెండూ పెళ్లికొచ్చిన పెద్దమనుషుల్లా పక్కన కూర్చుని చూస్తుంటాయి.

"నిజం బంగారమేనా అక్కా?" అన్నాను.

"గదే అడిగిన నేను గూడ. డాక్టరమ్మ నవ్వింది. 'నిజం బంగారమే నీలమ్మా, కీళ్ల జబ్బుకు మందుగా చేసి సూదితో ఎక్కిస్తున్నాం' అన్నది. ఇంటికొచ్చి మా అత్తకు చెప్పిన. 'గంత మంచి బంగారం తుంటికెందుకే, ముక్కుకు పెట్టకపోయిండ్రా' అన్నది."

బయట అరుగు మీద తోటకూర కట్టలు విడదీస్తున్న అత్తగారు ఆగమ్మ అక్కడి నుంచే అందుకుంది. "ఇప్పుడు గూడ గదే అంట. ముక్కుకు పెడితే నలుగురన్న చూద్దురు."

ఉప్పుగూడ స్టేషన్ వెనక వీధిలో వాళ్లది రెండు గదుల ఇల్లు. నీలమ్మక్క భర్త మొగులయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్. మా వారి ఆఫీసు ఉద్యోగం కోసం తెనాలి వైపు నుంచి వచ్చి, ఆ పక్క వాటాలో మేము అద్దెకు దిగాము. మధ్యాహ్నం ఆమె ముత్యాలు ముందు పెట్టుకునే వేళకు నేను చేటలో బియ్యం పోసుకుని వెళ్లి పక్కన కూర్చుంటాను. పొద్దున్నే వెళ్లినా లాభం లేదు. పొద్దున ఆమె వేళ్లు ఇంకా లేవవు. వేడినీళ్లలో నానబెట్టి, ఒక్కో వేలినీ చంటిదాన్ని లేపినట్టు బుజ్జగించి లేపుకోవాలి. కీళ్లవాతం ఆమెకు పాత చుట్టం.

ఆ రోజు నేను బంగారు సూదుల సంగతి ఊరికే ఎత్తలేదు. సైదాబాద్‌లో ఉన్న మా ఆడపడుచు కమలకుమారికీ అదే జబ్బు. కిందటేడంతా జడ కూడా వేసుకోలేకపోయింది. ఇప్పుడు కడుపుతో ఉంది. ముందురోజు వెళ్లి చూస్తే ఇల్లంతా గంతులేస్తూ తిరుగుతోంది.

"నొప్పులన్నీ పోయాయి అక్కా. కడుపు పండటమే మందు అయిందంటోంది. ఇక డాక్టరు దగ్గరికి వెళ్లే పనేముంది అంటోంది."

నీలమ్మక్క చేతిలో దారం ఆగింది. పళ్లెం మీద గుడ్డ కప్పి పక్కన పెట్టేసింది. పని మధ్యలో ఆమె అలా చెయ్యగా నేను చూడలేదు.

"ఎన్నో నెల?"

"ఆరు."

"నాకు గూడ గిట్లనే ఉండె ఆరో నెలల. ఒక్క నొప్పి లేదు. ఇను చెల్లె, మంచిగ ఇను. నువ్వు పోయి ఆ పిల్లకు చెప్పాలె."

అలా మొదలుపెట్టింది. ఆమె మాటలు ఆమెవిగానే ఉంచి, మధ్యలో నాకు అర్థమైనది నేను చెబుతాను.

జబ్బు ఆమెకు పెళ్లయిన కొత్తలోనే వచ్చింది. ముందు వేళ్లు, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్లు. పొద్దున లేస్తే పిడికిలి పడేది కాదు. బిందె ఎత్తబోతే చేతిలోంచి జారిపోయేది. ఆగమ్మ నోరు వీధి కుళాయి లాంటిది, తిప్పితే ఆగదు. "మా ఇంట్ల బిందెలన్ని సొట్టలే" అని వీధంతా వినపడేలా అనేది. అంటూనే వావిలాకు తెచ్చి నీళ్లలో కాచి కోడలికి కాపడం పెట్టేది. నువ్వుల నూనె వెచ్చజేసి రుద్దేది. తిట్టిన నోరూ, రుద్దిన చెయ్యీ ఒక్కరివే అని చెప్పేటప్పుడు నీలమ్మక్క గొంతు కొంచెం తగ్గించింది, అరుగు మీదికి వినబడకుండా.

చివరికి మొగులయ్య ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. కీళ్ల జబ్బులు చూసే డాక్టర్ విమలాదేవి అన్నం తిన్నాక వేసుకోమని గోలీలు ఇచ్చింది, తర్వాత బంగారు సూదులు మొదలుపెట్టింది. మెల్లగా, చాలా మెల్లగా, పిడికిలి పడటం మొదలైంది. ముత్యాల పనికి మళ్లీ కూర్చుంది. సరిగ్గా అప్పుడు నెల తప్పింది.

"మా అత్త చెవుల చెప్పింది. 'మూడో నెల నిండెదాక ఎవ్వరికి చెప్పకు. నరుని కన్ను మంచిది గాదు' అని. నేను సరే అన్న. మా ఆయనకు తప్ప ఎవ్వరికి చెప్పలే. గింతల సూది పొద్దు వచ్చింది. పోయి లైన్ల కూసున్న. నా వంతు వచ్చింది. డాక్టరమ్మ మందు గుంజి చేతుల పట్టుకున్నది. నా నోరు మూసుకునే ఉన్నది చెల్లె, గని కడుపు ఆగలే. 'ఆగుండ్రమ్మా, నాకు నెల తప్పింది' అన్న."

డాక్టరు చేతిలోని సూదిని పళ్లెంలో పెట్టేసి, ముందు ఆమె భుజం తట్టిందట. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అలా తీరిగ్గా కూర్చున్న డాక్టరును నీలమ్మక్క అంతకుముందు చూడలేదు.

"'నీలమ్మా, కడుపుతో ఉన్నవాళ్లకు ఈ సూది మంచిదని మాకు నమ్మకంగా తెలియదు. తెలియనిది నేను ఇవ్వను' అన్నది. గోలీలు తగ్గించింది. నెలలు నిండేటప్పుడు అవి గూడ బంద్ చెయ్యాలె, లేకుంటే కాన్పుల నెత్తురు ఎక్కువ పోతది అన్నది. నొప్పి మరీ ఓర్వలేనంత అయితే ఇంకొక చిన్న గోలీ ఉన్నది, తానే చూసి ఇస్తది, సొంతంగ ఏది మింగొద్దు. చేతులకు వేడినీళ్లు, పండుకునేటప్పుడు మణికట్టు కదలకుండ కట్టెపట్టీ. పసరు మందులు కడుపులకు వద్దే వద్దు. గిన్ని చెప్పి, ఆఖరుకు ఒక మాట అన్నది. ఆ మాటనే నన్ను బతికించింది."

ఆ మాటను ఆమె డాక్టరు గొంతుతోనే చెప్పింది, ఒక్క అక్షరం జారకుండా.

"'కడుపుతో ఉన్నప్పుడు ఈ నొప్పులు చాలామందికి తగ్గుతాయి. అందరికీ కాదు. నీకు తగ్గితే సంతోషపడు, కానీ పోయాయనుకోకు. కాన్పయ్యాక చాలామందికి తిరిగి వస్తాయి. అప్పుడు నీ చేతుల్లో బిడ్డ ఉంటుంది.'"

మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. సూది లేదు, గోలీలు తక్కువ. ఆగమ్మ కూరల మార్కెట్‌లో ఎవరో చెప్పారని ఏవో వేర్లు తెచ్చి కషాయం కాచింది. తాగనంటే ఇంట్లో లొల్లి. నీలమ్మక్క అత్తతో వాదించలేదు. ఆ గిన్నె మీద మూత పెట్టి, అత్తనే వెంటబెట్టుకుని శాలిబండ తొవ్వలో ఉన్న ముసలి హకీం దగ్గరికి నడిచింది. ఆగమ్మ మోకాళ్లకు ఏళ్ల తరబడి మందు ఇస్తున్నది ఆయనే. ఆగమ్మకు దేవుడి తర్వాత హకీం సాబే.

"గిన్నె మూత తీసి వాసన చూసిండు. నా మొకం చూసిండు. 'పేట్ సే హై క్యా బేటీ?' అన్నడు, కడుపుతోని ఉన్నవా అని. అవునన్న. 'ఫేంక్ దో ఇస్కో. అబ్ మై ఖుద్ అప్నీ దవా నై దేతా తుమ్కో. డాక్టర్నీ జో బోలీ, వొహీచ్ కరో' అన్నడు. పారబొయ్యి, నా మందు గూడ ఇప్పుడు నీకియ్య, డాక్టరమ్మ చెప్పిందే చెయ్యి అని. మా అత్త ఇంటికి రాంగనే మోరీల పారబోసి గిన్నె తోమింది."

"హకీం సాబ్ చెప్పిండు గాబట్టి పారబోసిన," అని అరుగు మీది నుంచి వినపడింది. "నువ్వు చెప్తే పారబోస్తుంటినా?"

అసలు భయం నొప్పి కాదు. ఆ నెలల్లోనే ఆగమ్మ ఒక మాట అనేసింది. మొగులయ్య అక్క కాశమ్మకు పిల్లలు లేరు. మంచి మనిషి, గుణానికి వంక పెట్టలేము. "నీ చేతులతోని నువ్వు యాడ సాదుతవే? చెంబు పట్టరాదు, బిడ్డను ఏం పడతవ్? కాన్పు కాంగనే కాశమ్మకిద్దాం. పరాయిది గాదు గద" అంది. కోపంగా కూడా కాదు, కూర బేరం తేల్చినట్టు అంది. మొగులయ్య తల దించుకుని తిన్నాడు.

"నా గుండెల రాయి పడ్డది చెల్లె. నొప్పి ఓర్చుకుంట. గని నా బిడ్డను నేను ఎత్తుకోలేనని నా ముంగటనే లెక్క తేల్చేసిండ్రు. చూద్దాం అనుకున్న."

తర్వాత డాక్టరు చెప్పినట్టే జరిగింది. నాలుగో నెల దాటేసరికి వాపులు దిగాయి. ఒక పొద్దున లేచి, తనకు తెలియకుండానే జడ వేసేసుకుంది. వేసుకున్నాక గుర్తొచ్చి, జడ ముందుకు తెచ్చుకుని చూసుకుంటూ కూర్చుందట. ఆగమ్మ కూడా చూసింది.

"ఏమన్నదో తెల్సా? 'ఇగ జూడు, కడుపు రాంగనే నొప్పులు యాడికి పోయినయే? గిన్నొద్దులు నకరాలు చేసినవా?' అన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నొప్పి ఉన్నప్పుడు పడ్డ మాటలు ఒక ఎత్తు, నొప్పి పోయినంక పడ్డ ఈ మాట ఒక ఎత్తు. గని ఆ రోజే ఒకటి అనుకున్న. ఈ మంచి దినాలు అప్పు తెచ్చినయే. తిరిగి పోతయి. పోయేలోపల నేను నేర్చుకోవాలె."

ఏమి నేర్చుకోవాలి? వేళ్లు లేకుండా బిడ్డను ఎత్తడం. డాక్టరమ్మే ఉపాయం చెప్పింది. వేళ్లతో పట్టుకోవద్దు, మణికట్టు మీద బరువు వెయ్యొద్దు, మోచేయి దాకా చేతులు రెండూ చేటలా పెట్టి కింది నుంచి దూర్చాలి, గుండెకు ఆనించి లేవాలి. "ఇప్పుడే అలవాటు చేసుకో, నొప్పి వచ్చాక నేర్చుకోలేవు" అంది.

అది రైలు సమ్మె జరిగిన వేసవి. మొగులయ్య పని లేక ఇంట్లోనే ఉన్నాడు. తల్లి మాటకు అడ్డు చెప్పలేని మనిషి, చేతులతో మాత్రం చాలా చెప్పాడు. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు, వంగకుండా చేతులు దూర్చేటట్టు. తలుపు గడియకు తాడు కొక్కెం కట్టాడు, మోచేత్తో లాగితే వచ్చేటట్టు. చెంబు మెడకు గుడ్డ చుట్టి లావు చేశాడు. చూసినవాళ్లు నవ్వారు. నొప్పి లేని మనిషికి ఇవన్నీ ఎందుకని.

ఎత్తడం నేర్చుకోవాలంటే ఎత్తడానికి ఏదో ఒకటి కావాలి. అక్కడే చిక్కు. బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసం ఏదీ సిద్ధం చెయ్యకూడదు. బట్ట కుట్టకూడదు, తొట్టెల కట్టకూడదు, బొమ్మ చెయ్యకూడదు. ఆ పట్టింపు ఆగమ్మదే కాదు, నీలమ్మక్కదీ.

"దిండు ఎత్తి చూసిన. దిండుకు బరువెక్కడిది? చెప్పినట్టు వింటది. బిడ్డ వింటదా? ఇల్లంత చూసిన. సన్నెకల్లు మీద పొత్రం కనబడ్డది. గుండ్రంగ, నున్నగ, చేతుల నిలువదు, జారుతది. బరువు గూడ ఇంచుమించు బిడ్డంతే. దీన్ని పట్టినదాన్ని బిడ్డను పట్టలేనా అనుకున్న."

కారం నూరే ఆ రాయిని కడిగి, పాత చీర ముక్కలో చుట్టి, ఇటుకల మీది మంచం మీద పడుకోబెట్టింది. తను మంచం పక్కన పీట మీద కూర్చుని చేతులు దూర్చేది. మొదట్లో రాయి దొర్లిపోయేది. తలవైపు ముందు చెయ్యి పోవాలని, రెండో చెయ్యి అడుగున అడ్డంగా రావాలని మెల్లగా తెలిసింది. వేళ్లు పట్టుకోవడానికి ఎగబడేవి. వాటిని ముడవకుండా చాచి ఉంచడమే అన్నింటికంటే కష్టమైంది. ఆగమ్మ కూరలు అమ్మడానికి గంపతో బయటికి పోగానే మొదలుపెట్టేది, వచ్చేలోపల రాయిని సన్నెకల్లు మీద పెట్టేసేది.

ఒకనాడు గంప తొందరగా ఖాళీ అయింది.

"గడపల నిలబడ్డది. నా రొమ్ముకు రాయి. దాని మీద చీర. నేను దానికి జో కొడుతున్న చెల్లె! ఎందుకో అలవాటయింది. మా అత్త గంప కింద పడేసి ఒకటే మొత్తుకునుడు. 'ఓ అవ్వో, రాయిని బిడ్డంటున్నదో! రాయి పుట్టాల్నని ఉన్నదానే నీకు? ముంగటనే అపశకునం పలుకుతున్నవా?' వాడకట్టంత జమయింది."

ఆగమ్మ ఆ రాయిని తీసుకుపోయి ఎక్కడో దాచేసింది. అడిగితే చెప్పదు. కోడలి చేతికి దొరకకుండా దాచింది గానీ, తనకూ వాడుకోవడానికి లేకుండా పోయింది. పచ్చడి లేదు, కారం లేదు. చప్పటి పప్పు. మొగులయ్య కంచం ముందు కూర్చుని తల్లి వైపు, పెళ్లాం వైపు చూశాడు.

"'సమ్మె మాదే అనుకున్న, ఇంట్ల పచ్చడి గూడ సమ్మె చేస్తున్నదా?' అన్నడు. మా అత్తకు నవ్వొచ్చింది, ఆపుకున్నది. గప్పుడు అడిగిన. చిన్నగనే అడిగిన. 'అత్తా, తొట్టెల చేసేనాడు తొట్టెల్ల ముందుగాల ఏం ఏస్తరే?'"

నీలమ్మక్క ఆగింది. నాకు తెలుసో లేదోనని నా వైపు చూసింది. పేరు పెట్టి ఉయ్యాలలో వేసే రోజున బిడ్డ కంటే ముందు పొత్రాన్ని కడిగి, పసుపు పూసి, కొత్తగుడ్డలో చుట్టి వేస్తారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. మా వైపూ చేస్తారు.

"'పొత్రం' అన్నది. 'నీ కొడుకును ఏసినప్పుడు గూడ ఏసినవా?' అన్న. 'ఏసిన' అన్నది. 'మరి నీకు రాయి పుట్టిందానే? బిడ్డనే పుట్టింది గద! నేను కొన్ని నెలలు ముందుగాల ఏసుకున్న, గంతే' అన్న. మా ఆయన అన్నం మింగుడు మరిచిపోయిండు."

"మాట పడ్డదాన్ని నేను," అంది ఆగమ్మ బయటి నుంచి. "నోరే లేదనుకున్న దీనికి. ముత్యం ముత్యానికి ముడి ఏసినట్టు ఏసింది నాకు."

మర్నాడు పొద్దున్నే పొత్రం సన్నెకల్లు మీద ఉంది. కడిగి ఉంది. ఒక మూలన కొంచెం పసుపు అంటి ఉంది. కానీ ఆగమ్మ కాశమ్మ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కాన్పు మంచిగా అయింది. ఆడపిల్ల. కాశమ్మ పురిటి పనులకు వచ్చి ఇంట్లోనే ఉండిపోయింది. కొన్ని వారాలు నీలమ్మక్క చేతులు హాయిగానే ఉన్నాయి. తర్వాత ఒక తెల్లవారుజామున కళ్లు తెరిచేసరికి వేళ్లు రాలేదు. పాత చుట్టం తిరిగొచ్చింది, ఈసారి సామానుతో సహా. మణికట్లు, మోచేతులు, మోకాళ్లు, చివరికి దవడ కూడా.

పాప ఏడ్చింది. అత్త, ఆడబిడ్డ ఇద్దరూ గదిలోకి వచ్చారు.

"నా చేతులు చూసిండ్రు. అల్లంకొమ్ముల లెక్క ఉబ్బినయి వేళ్లు. మా అత్త మొకం తెల్లగయింది. మెల్లగ అన్నది, 'కాశమ్మా, పొల్లనెత్తుకో' అని. కాశమ్మ వంగింది. నేను 'ఆగు వదినా' అన్న. గట్టిగ అన్ననో ఏమో, ఆగింది."

పీట మీద కూర్చుంది. రెండు చేతులూ చేటలా పెట్టింది. వేళ్లు చాచే ఉన్నాయి, ముడవమన్నా ముడవవు కదా. తలవైపు మొదట ఒక చెయ్యి. అడుగున రెండోది. గుండెకు ఆనించి, నెమ్మదిగా, మోకాళ్లు తిట్టుకుంటుండగానే లేచి నిలబడింది. పాప ఏడుపు ఆపింది. పొత్రం కంటే తేలికగా ఉంది, పొత్రం కంటే కుదురుగా కూడా ఉంది.

"'నకరాలైతే వేళ్లు ఉబ్బవు' అన్నది మా అత్త, గోడతోని మాట్లాడినట్టు. పోయి వేడినీళ్లు కాచి తెచ్చింది. నా చేతులు తానే ముంచింది. ఆనాటి సంది నీళ్లు కాచుడు తన పనే అయింది."

అదే వారం డాక్టరు దగ్గరికి పోయారు. ఆలస్యం చెయ్యలేదు. పాలిచ్చే తల్లికి ఏది ఇవ్వొచ్చో చూసి డాక్టరమ్మ చిన్న గోలీలు ఇచ్చింది. పాలు మాన్పించాకే మళ్లీ బంగారం అంది. వేళ్లు కొంచెం కొంచెం వదిలాయి. రెండు మాత్రం ఒరిగిపోయి అలాగే నిలిచాయి.

మూడో నెలలో తొట్టెల చేశారు. వాళ్ల ఇంట్లో పద్ధతి ఏమంటే, ఉయ్యాలకు ఒక పక్క తల్లి, రెండో పక్క మేనత్త నిలబడాలి. ముందు రాయిని, తర్వాత బిడ్డను ఉయ్యాల కింది నుంచి ఒకరికొకరు అందించుకోవాలి. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. పాప కాశమ్మ ఒళ్లో ఉంది. ఆ రోజు తర్వాత బిడ్డ ఏ ఇంట్లో పెరుగుతుందో ఇంటి పెద్దగా ఆగమ్మ చెప్పాలి. మొగులయ్య ఉయ్యాల తాడు పట్టుకుని, ముడి సరిగానే ఉన్నా మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు.

"పొత్రానికి పసుపు పూసి, కొత్తగుడ్డ చుట్టి మా అత్త నా చేతులల్ల పెట్టింది. నేను చేటలెక్క పట్టిన. ఉయ్యాల కిందికెళ్లి కాశమ్మకు అందించిన. కాశమ్మ రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నది, అయిన జారబోయింది. 'ఇది గిట్ల జారుతదేందే!' అన్నది. అందరు నవ్విండ్రు. గప్పుడు మా అత్త అందరు వినేటట్టు అన్నది..."

చెప్పబోయి ఆగిపోయింది. కళ్లు అరుగు వైపు తిరిగాయి. ఆగమ్మ తోటకూర పక్కన పెట్టి, గడప మీదికి వచ్చి కూర్చుంది.

"నేనే చెప్త," అంది. "'కాశమ్మా, రాయి నీ దగ్గర ఉంచుకో. పొల్లను తల్లికియ్యి. రాయినే పట్టింది అది, పొల్లను పట్టదా?' అన్న. తప్పేమున్నది? మా కాశమ్మ ఏడ్సింది, నిజమే. ఏడ్సి, పొల్లను దీని చేతులల్ల పెట్టి, చెవుల పేరు గూడ తానే చెప్పింది. సుగుణ అని. ఆ పేరు కాశమ్మ పెట్టిందే. సెలవులొస్తే పొల్ల ఇప్పటికి సైదాబాద్‌ల మేనత్త తాననే ఉంటది."

"వాడకట్టుల పేరు మాత్రం సుగుణ గాదు," అంది నీలమ్మక్క. "'పొత్రం పోరి' అంటరు. బడికి పోతున్నది గద పదేండ్ల పిల్ల, ఇప్పటికి గట్లనే పిలుస్తరు. అదేమో పేరు పిలిచినట్టే పలుకుతది."

ఆమె ముఖంలో అప్పుడు కనిపించింది నేను చాలాసార్లు చూశాను. పెద్ద దండ పూర్తిచేసి, చివరి ముడి వేసి, వెలుతురులో పైకెత్తి చూసుకునేటప్పుడు అదే ముఖం. జబ్బు నయమైందని ఆమె ఎన్నడూ అనలేదు. ఇప్పటికీ వర్షాకాలం వస్తే మోకాళ్లు పట్టేస్తాయి. ఇప్పటికీ ఆసుపత్రి లైన్లో కూర్చుంటుంది. కానీ "నా బిడ్డను నేనే ఎత్తుకున్న" అనే మాట ఆమె అంటుంటే, మెడలో ఏమీ లేని ఆ మనిషి ఒంటి నిండా నగలు పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఆమె నేల మీద చేతులు ఆనించకుండా, మోచేతుల బలంతో లేచింది. లోపలికి వెళ్లి, సన్నెకల్లు మీది పొత్రాన్ని కడిగి, తుడిచి, పాత చీర ముక్కలో చుట్టుకొచ్చింది. చేటలా పట్టిన చేతుల్లో ఆ మూట చంటిపాపలాగే ఉంది.

"ఓ పిల్లా! యాడికి తీస్కపోతున్నవ్? నా పచ్చడి?" అంది ఆగమ్మ.

"కొన్ని నెలలు పక్కింటి రోట్ల నూరుకో అత్తా. సమ్మె అనుకో." నా వైపు తిరిగింది. "చేతులు చాపు చెల్లె. గట్ల గాదు, వేళ్లు పెట్టకు. చేట లెక్క. ఆ, గిట్ల. ఇప్పుడు నాలుగున్నర బస్సుకు పో. బస్సుల కాళ్ల కాడ పెట్టకు, ఒళ్లె పెట్టుకో. కమలకు ముందుగాల చెప్పు, నొప్పి పోయినందుకు సంతోషపడమను, పోయిందనుకోవద్దను. ఈ వారమే డాక్టరు తానకు పోవాలె, నువ్వు ఎంట పో. తర్వాత ఈ రాయిని దాని మంచం మీద పండవెట్టి, ఎట్ల ఎత్తాల్నో నువ్వే చూపియ్యి. వాళ్ల అత్త మొత్తుకుంటే మా అత్తను పిలువు, వచ్చి మాట్లాడుతది. తొట్టెల నాడు మాత్రం నాకు కబురు పెట్టు. రాయిని నేనే వచ్చి తెచ్చుకుంట. ఇగ లెవ్వు, బస్సు పోతది."